నిత్యశబ్దానికి రెండు అర్థాలు

శాశ్వతమనే మాట వాడని శాస్త్రం లేదు. కాని ఏ శాస్త్రంలో అది ఎంత కాలాన్ని సూచిస్తున్నదో విచారించి చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. ధ్రువప్రాంతాలలో గడ్డకట్టి ఉన్న నేలను భూశాస్త్రవేత్తలు శాశ్వత ఘనీభూమి అంటారు. ఒక నేల వరుసగా రెండు సంవత్సరాలు సున్న డిగ్రీలకు మించకుండా ఉంటే చాలు, దానికి ఆ బిరుదు చెల్లుతుంది. పాలపళ్లు ఊడిన తరువాత వచ్చేవాటిని వైద్యులు శాశ్వత దంతాలంటారు. ముసలితనంలో మనిషికంటె ముందుగా సెలవు పుచ్చుకునేవి తరచుగా అవే. అడవులు పెంచి గాలిలోని బొగ్గుపులుసు వాయువును బంధించామని లెక్కచూపేవారు కొన్ని పద్ధతులలో నూరు సంవత్సరాలను శాశ్వతానికి గడువుగా పెట్టుకున్నారు. 1793లో కారన్‌వాలిస్ ప్రభువు బెంగాలులో చేసిన భూమిశిస్తు ఏర్పాటుకు శాశ్వత నిర్ణయమని పేరు. 1802 మొదలుకొని అది మన ఉత్తర సర్కారులకు కూడ వచ్చింది. ఎన్నటికీ మారదని ప్రకటించిన ఆ ఏర్పాటు 1948లో మద్రాసు ఎస్టేటుల రద్దు చట్టంతో మన ప్రాంతంలో ముగిసింది. అంటే మన జమీందారీ శాశ్వతం నూట యాభై ఏండ్లకు కూడ నిండలేదు.

రెండేండ్లకూ, నూరేండ్లకూ, ఒక దంతపు ఆయుర్దాయానికీ ఒకే మాట ఎట్లా సరిపోతున్నది? శాస్త్రజ్ఞులు మాటను నిర్లక్ష్యంగా వాడుతున్నారనడం తేలిక. నాకట్లా తోచదు. ఆ మాటలో కాలపరిమాణం కాక మరొకటేదో ఉన్నది. అది ఏమిటో తెలుసుకోవడమే ఈ వ్యాసానికి ప్రయోజనం.

హిందీనుంచి తెలుగులోకి అనువదించేవారికి ఈ చిక్కు రోజూ ఎదురయ్యేదే. హిందీలో 'స్థాయీ' అంటే స్థిరమైనది, తాత్కాలికం కానిది. శాశ్వతోద్యోగి స్థాయీ కర్మచారి, ఎప్పటికీ ఉండే సంఘం స్థాయీ సమితి. తెలుగులో 'స్థాయి' అనగానే పాఠకుడికి ఎత్తు, అంతస్తు, సంగీతంలో మంద్రతారాలు స్ఫురిస్తాయి. ఒకే సంస్కృత ధాతువు నుంచి పుట్టిన అన్నదమ్ములు వేర్వేరు ఊళ్లలో కాపురం పెట్టి వేర్వేరు వృత్తులు పట్టినట్టున్నది. అలంకారికుల 'స్థాయీభావం'లో మాత్రం పాత అర్థం మనకూ మిగిలింది. ఇంతకంటె ఆలోచింపదగినది హిందుస్తానీ సంగీతంలో ఉన్నది. ఖ్యాల్ పాడే గాయకుడు మొదట ఎత్తుకునే భాగాన్ని స్థాయీ అంటారు. పాట ఎంత దూరం విహరించినా మళ్లీ వచ్చి అందుకోవలసిన చోటు అది. మన కీర్తనలో పల్లవి వంటిది. ఆ భాగం నిలబడి ఉండేది గనుక స్థాయి కాలేదు. గాయకుడు దానివద్దకు మళ్లీ మళ్లీ వస్తాడు గనుక స్థాయి అయింది. వచ్చేవాడు మానివేస్తే స్థాయీ లేదు.

ఇదే భేదాన్ని రెండువేల సంవత్సరాల క్రిందట పతంజలి తన మహాభాష్యపు మొదటి ఆహ్నికంలోనే గుర్తించాడు. శబ్దమూ అర్థమూ వాటి సంబంధమూ సిద్ధమైనవని కాత్యాయనుడు చెప్పగా, సిద్ధమంటే నిత్యమని భాష్యకారుడు వివరించాడు. తరువాత ఒక ప్రశ్న: సందిగ్ధమైన సిద్ధశబ్దానికి బదులు నిత్యమనే మాటే సూటిగా ఎందుకు చెప్పరాదు? దానికి సమాధానంగా, నిత్యశబ్దం మాత్రం సందిగ్ధం కాదా అని ఆయన చూపిస్తాడు. కొండవలె కదలకుండా ఉండేదానికే ఆ మాట చెల్లుతుందనే నియమం లేదు. ఎప్పుడూ నవ్వుతూ ఉండేవాణ్ణి, ఎప్పుడూ వాగుతూ ఉండేవాణ్ణి కూడ లోకం నిత్యశబ్దంతోనే పిలుస్తుంది. అక్కడ నిత్యమంటే మాటిమాటికీ జరిగేదని అర్థం.

తెలుగువారికి ఇది వ్యాఖ్యానం అక్కరలేని సంగతి. మనకు పరమాత్మ నిత్యుడు. ఉప్పు, పప్పు, చింతపండు నిత్యావసర వస్తువులు. ఆకాశం నిత్యమంటాం, స్నానం, సంధ్య, దీపారాధన నిత్యకృత్యాలంటాం. ఏనాడూ మారనిదీ, ఏనాటికానాడు చేయవలసినదీ ఒకే మాటలో ఇమిడి ఉన్నాయి. మన పెద్దలు మాటల పొదుపుకోసం ఇట్లా చేశారనుకోను. శాశ్వతాన్ని గురించి శాస్త్రాలన్నీ ఎక్కడో ఒకచోట తగులుకునే ముడి ఇదే.

ఛత్తీస్‌గఢ్‌లో రాయపూరుకు దక్షిణంగా ముప్ఫై కిలోమీటర్లలోపు దూరంలో ఉన్న అభన్‌పూర్ అనే చిన్న పట్టణాన్ని తీసుకొని ఈ ముడిని పరీక్షించవచ్చు. ఇరవయ్యో శతాబ్ది ఆరంభంలో బెంగాల్ నాగపూర్ రైల్వేవారు రాయపూరు నుంచి ధమ్తరీకి రెండున్నర అడుగుల చిన్నగేజి దారి వేశారు. అభన్‌పూర్ దగ్గర అది చీలి ఒక పాయ రాజిమ్‌కు పోయేది. మహానది, పైరీ, సోంఢూర్ నదులు కలిసే రాజిమ్ ఆ ప్రాంతానికి ప్రయాగ. మాఘపూర్ణిమ జాతరకు పోయే యాత్రికులూ, ధాన్యపు బస్తాలూ, అడవి కలపా ఒక శతాబ్దానికి పైగా ఆ చిన్న పెట్టెలలో సాగిపోయాయి.

రైలు ఇంజనీర్ల భాషలో పట్టాలు, స్లీపర్లు, కంకర అన్నీ కలిపి 'పర్మనెంట్ వే', అంటే శాశ్వత మార్గం. ఆ పేరు వెనుక ఒక కథ ఉన్నది. కొత్తదారి నిర్మించేటప్పుడు మట్టీ సామానూ మోసుకుపోవడానికి మొదట తాత్కాలికంగా పట్టాలు పరుస్తారు. పని ముగిశాక వాటిని తీసివేసి అసలు పట్టాలు వేస్తారు. తాత్కాలికం కానిది గనుక అది శాశ్వతమైంది. అంతకుమించి ఆ పేరులో వేదాంతమేమీ లేదు. పట్టాలను చూసుకునే అధికారికి మన దేశంలో చిరకాలం పర్మనెంట్ వే ఇన్‌స్పెక్టర్ అని పేరు. హిందీలో ఆయనను 'రేల్‌పథ్ నిరీక్షక్' అన్నారు. శాశ్వతమనే విశేషణాన్ని ఆ అనువాదకుడెవరో నిశ్శబ్దంగా వదిలివేశాడు. మూలానికి ద్రోహమనేవారు అనవచ్చు. నాకు మాత్రం ఆయన మూలకర్తకంటె నిజాయితీపరుడనిపిస్తాడు.

ఎందుకంటే, శాశ్వత మార్గాన్ని గురించిన నియమావళి తెరిచి చూస్తే అందులో సింహభాగం మరమ్మతును గురించే. కీమాన్ అనే పనివాడు సుత్తీ, రెంచీ పట్టుకొని తనకు అప్పగించిన దూరమంతా ప్రతిదినమూ కాలినడకన చూడాలి. వదులైన కీలు బిగించాలి, విరిగిన పట్టా కనపడితే బండిని ఆపించాలి. వానకాలంలో రాత్రి గస్తీ వేరే ఉన్నది. ఎండకు పట్టా సాగుతుంది, చలికి ముడుచుకుంటుంది, చక్రాల తాకిడికి కంకర కిందికి దిగుతుంది, చెక్కస్లీపరు పుచ్చుతుంది. ఒక పాతిక ముప్ఫై ఏండ్లు గడిచేసరికి ఆ శాశ్వత మార్గంలో మొదట వేసిన చెక్క ఒక్కటైనా మిగిలిందో లేదో చెప్పలేము. అయినా దారి అదే దారి. ఏనాటికానాడు చేసిన పనే ఎన్నటికీ మారనిదానివలె కనపడుతున్నది. ఆ కీమాన్‌ల పేర్లు ఏ శిలాఫలకం మీదా లేవు. ఖరగ్‌పూర్ మొదలుకొని రాయపూరు దాకా ఆ రైల్వే పొడుగునా తెలుగు కుటుంబాలు వలసవచ్చి స్థిరపడినవన్న సంగతిని ఇక్కడ జ్ఞాపకం చేసుకోవడం అప్రస్తుతం కాదు.

ఆ చిన్నగేజి ఇప్పుడు లేదు. రాయపూరు నగరంలో పాత పట్టాల చోటున వాహనాల రహదారి వెలసింది. 2025 మార్చి 30న అభన్‌పూర్‌కు పెద్దగేజి మీద మెము రైలు వచ్చింది. అదీ పాత దారిన కాదు, మందిర్ హసౌద్ మీదుగా. శాశ్వత మార్గం పోయి శాశ్వత మార్గం వచ్చిందన్నమాట. దీనికి విచారించవలసిన పని లేదు. పెద్దగేజి వల్ల ఆ ప్రాంతానికి మేలే. కాని మార్గానికి శాశ్వతత్వం ఇచ్చింది ఇనుము కాదని మాత్రం దీనివల్ల తేటపడుతున్నది. ఇనుము ఇంకా మన్నేదే. దానిమీద నడిచి చూసే కాళ్లు ఆగిపోయాయి.

ఈ అభన్‌పూర్ ప్రాంతానికే, రాజిమ్ సమీపాన, చంపారణ్ అనే ఊరున్నది. శుద్ధాద్వైతాన్ని ప్రతిష్ఠించిన వల్లభాచార్యులు 1479లో అక్కడ జన్మించారని ఆ సంప్రదాయంవారి విశ్వాసం. ఉత్తరదేశమంతా ఆయనను ఎరుగును. గుజరాతులో, రాజస్థానంలో ఇంటింటా ఆయన పేరు వినపడుతుంది. ఆయన వెలనాటి తెలుగువారి బిడ్డ అన్న సంగతి మాత్రం తెలుగునాట అందరికీ తెలియదు. తండ్రి లక్ష్మణభట్టు, తల్లి ఇల్లమ్మగారు. కాశిలో ఉండగా దండయాత్ర వస్తున్నదని విని ప్రాణభయంతో దక్షిణంగా బయలుదేరిన ఆ దంపతులకు ఈ అడవిలో నెలలు నిండకముందే శిశువు జన్మించాడు. చలనం లేని ఆ బిడ్డను చూసి ప్రాణం లేదనుకొని జమ్మిచెట్టు కింద ఆకులలో కప్పి ముందుకు సాగిపోయారు. తరువాత వెనుదిరిగి వచ్చి చూస్తే చుట్టూ అగ్నివలయం, నడుమ ఆడుకుంటున్న శిశువు. కథకు చారిత్రక ప్రమాణం అడగడం దండగ. మన విషయానికి కావలసింది అందులోని ఒక్క అంశమే: లేదనుకున్నది దాగి ఉన్నది, వెనుదిరిగి వచ్చినవారికి కనపడింది.

ఆశ్చర్యమేమంటే, పెద్దవాడై ఆయన ప్రతిపాదించిన సిద్ధాంతానికి కూడ ఇదే కీలకం. పుట్టడమంటే లేనిది రావడం కాదు, ఆవిర్భావం. గిట్టడమంటే ఉన్నది పోవడం కాదు, తిరోభావం. బంగారం కంకణమైనా, కుండలమైనా బంగారంగా మారిపోలేదు. అట్లాగే బ్రహ్మమే వికారం పొందకుండా జగత్తుగా పరిణమించింది. కనుక జగత్తు మిథ్య కాదు, సత్యం. బంగారు ఉపమానం పతంజలి కూడ నిత్యద్రవ్యాన్ని వివరించేటప్పుడు వాడినదే; కాని ఆయన తేల్చదలచుకున్నది మాటకు సంబంధించిన సంగతి, ఈయన తేల్చదలచుకున్నది లోకానికి సంబంధించినది. ఇంకొక అడుగు ముందుకు వేసి వల్లభులు జగత్తుకూ సంసారానికీ భేదం చెప్పారు. చెట్టూ చేమా, ఏరూ కొండా జగత్తు. అది భగవత్కార్యం, నశించదు. నేను, నాది అనే అభిమానంతో జీవుడు అల్లుకున్నది సంసారం. అవిద్య పోయిన క్షణాన అది నశిస్తుంది. నిత్యానిత్య విచారంలో ఇంత పదునైన గీత గీసినవారు అరుదు. మనం సాధారణంగా లోకం అశాశ్వతమనీ, మన ఆస్తిపత్రాలు శాశ్వతమనీ నమ్మి వ్యవహరిస్తాం. ఆయన సరిగా దానిని తలకిందులు చేశారు. కారన్‌వాలిస్ కాగితాన్ని ఈ దృష్టితో చదివితే అందులో శాశ్వతమని రాసినదంతా సంసారం కిందికే వస్తుంది.

మరి నశించని ఈ సత్యాన్ని ఆశ్రయించినవారు ఆచరణలో ఏం చేశారు? చేతులు కట్టుకొని కూర్చోలేదు. పుష్టిమార్గపు మందిరాలలో భగవత్స్వరూపానికి ప్రతిదినమూ సేవ జరుగుతుంది. దానికి పేరే నిత్యసేవ. మంగళతో మొదలై శయనంతో ముగిసే ఎనిమిది దర్శనాలలో స్వామిని పసిబిడ్డవలె లేపుతారు, అలంకరిస్తారు, ఆరగింపు పెడతారు, నిద్రపుచ్చుతారు. వేసవికి వేసవి బట్టలు, చలికి చలిబట్టలు. గోవర్ధనగిరిమీది శ్రీనాథజీ స్వరూపం 1669లో అక్కడినుంచి బయలుదేరి, ఊళ్లు మారి, 1672లో మేవాడు రాజ్యంలో ఇప్పుడు నాథద్వారమనే చోట కుదురుకున్నది. కొండ మారింది, రాజ్యం మారింది. సేవాక్రమం మారలేదు గనుక భక్తుల దృష్టిలో ఏమీ మారలేదు. సిద్ధాంతంలో మొదటి అర్థపు నిత్యం, ఆచరణలో రెండవ అర్థపు నిత్యం. రెండవది లేకుండా మొదటిది మనుష్యులకు అందదని ఆ ఆచార్యులు ఎరుగుదురు.

దాగినది లేనిది కాదన్న ఎరుక ఆచార్యులకే పరిమితం కాదు; ప్రతి శిశువూ దానిని స్వయంగా సంపాదించుకుంటాడు. స్విట్జర్లాండు మనస్తత్వవేత్త పియాజే తన ముగ్గురు పిల్లలనే దగ్గర కూర్చొని పరిశీలించి 1937లో ప్రకటించిన గ్రంథంలో ఈ సంగతి చర్చించాడు. ఐదారు నెలల పిల్ల ఆడుకుంటున్న బొమ్మమీద గుడ్డ కప్పితే దానికోసం వెదకదు. ఎనిమిది, తొమ్మిది నెలలు వచ్చేసరికి గుడ్డ లాగి చూస్తుంది. వస్తువు నిలకడగా ఉంటుందన్న జ్ఞానం పుట్టుకతో రాదు, చేతులతో నిర్మించుకునేదని ఆయన భావించాడు. 1980ల నుంచి ఇతరులు జరిపిన పరీక్షలు ఐదు నెలల శిశువులే ఆ సంగతి కొంత గ్రహిస్తారని చూపి ఆయన లెక్కను సవరించాయి. వయస్సు సంగతి ఎట్లా ఉన్నా, తల్లి కొంగుచాటున ముఖం దాచుకొని మళ్లీ కనపడే ఆట మన ఇళ్లలో ఏ పరిశోధకుడూ నేర్పకుండానే సాగుతున్నది. ఒకసారి కనపడితే బిడ్డకు నమ్మకం చాలదు. పదిసార్లు, నూరుసార్లు కావాలి. విసుగన్నది ఆ ఆటలో తల్లికే గాని బిడ్డకు లేదు.

రాజులు, ప్రభుత్వాలు శాశ్వతాన్ని తలపెట్టినప్పుడు ఈ ఓపిక కనపడదు. మన దానశాసనాలు ఆచంద్రార్కమని పలుకుతాయి: సూర్యచంద్రులున్నంతవరకు ఈ భూమి ఈ దేవునికి, ఈ బ్రాహ్మణునికి చెల్లవలెనని. వెంటనే, దీనిని అపహరించినవాడు అరువదివేల ఏండ్లు మలంలో పురుగై పుడతాడని శాపం. సూర్యచంద్రులమీద నిజంగా భరోసా ఉన్నవాడికి పురుగుల సాయం ఎందుకు? తాను కన్ను మూయగానే తన వంశంవారే శాసనాన్ని ధిక్కరించవచ్చునన్న భయం ఆ శాపంలో పలుకుతున్నది. రాజిమ్‌లో జగపాలదేవుడు కలచురి సంవత్సరం 896లో, అంటే 1145లో, వేయించిన శాసనం ఇప్పటికీ చదవడానికి వీలుగా ఉన్నది. రాయి మిగిలింది. ఆయన అధికారం ఏమైనదో చెప్పమంటే చరిత్ర పరిశోధకులు వెదకి చెప్పాలి.

దీనికంటె తెలివైన పద్ధతి ఆంధ్రదేశంలో అంతకు ఎనిమిది శతాబ్దాలకు పైగా పూర్వమే కనపడుతుంది. నాగార్జునకొండలోని ఇక్ష్వాకుల కాలపు శాసనాలలో అక్షయనీవి ప్రసక్తి ఉన్నది. నీవి అంటే మూలధనం. దాత ఇచ్చిన ఆ ధనాన్ని వృత్తిశ్రేణుల వద్ద, తమలపాకుల వర్తకులవంటి వారివద్ద, అప్పాలు చేసేవారివంటి వారివద్ద, నిలువ ఉంచేవారు. మూలధనం ముట్టరాదు, వడ్డీతో ధర్మకార్యం ఏటేటా సాగాలి. ఇక్కడ సూర్యచంద్రులకంటె తమలపాకుల అంగడిమీద నమ్మకం ఎక్కువ. రోజూ తెరిచే అంగడి గనుక ఆ నమ్మకం సమంజసమే. అక్షయమన్న మాటకు అర్థం తరగనిదని. కాని తరగకుండా చూసే ఏర్పాటు ఆ మాట పక్కనే చెప్పి ఉన్నది. శాపంతో పనిపడలేదు.

ఆ లోయకే మరొక పరీక్ష వచ్చింది. 1955 డిసెంబరు 10న నెహ్రూ నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన చేశారు. నీట మునగబోయే ఆ ప్రాచీననగరాన్ని 1954 నుంచి 1960 దాకా పురావస్తుశాఖవారు ఆర్. సుబ్రహ్మణ్యంగారి నాయకత్వాన తవ్వి, ముఖ్యమైన కట్టడాలను కొండమీదికీ, అనుపుకూ తరలించి మళ్లీ నిలిపారు. 1967లో కాలువలకు నీరు వదిలారు. మార్చి కట్టిన కట్టడం అదే కట్టడమా అని పండితులు తర్కించవచ్చు. తత్త్వం చెడకపోతే అదీ నిత్యమేనని పతంజలి ఒక మెట్టు ఇచ్చాడు. రాళ్ల విషయంలో ఆ మెట్టుమీద నిలబడవచ్చు. కాని ఆ లోయలో బతికిన ఊళ్ల సంగతి? అభన్‌పూర్ మీదుగా పోయే దారి చివర ధమ్తరీ దగ్గర మహానదికి గంగ్రేల్ ఆనకట్ట కట్టినప్పుడు మునిగిన ఊళ్ల సంగతి? రచ్చబండ, పొలిమేర, ఎవరి ఇంటిపక్క ఎవరిల్లు, ఎవరి బావిలో ఎవరు నీళ్లు తోడుకుంటారు అనే రోజువారీ నేత ఒకసారి విప్పిన తరువాత వరుససంఖ్యలు వేసి తిరిగి పేర్చడానికి వీలైనది కాదు. ఆనకట్టలు వద్దని నా అభిప్రాయం కాదు. ఆ నీటితో పండిన అన్నం తింటున్నవాళ్లం. కాని శాశ్వత ప్రయోజనం అన్న మాటతో లెక్క మూసివేసేటప్పుడు, మరొకరి నిత్యజీవితం ఎంత ఖర్చయిందో రాయడానికి ఆ పుస్తకంలో ఒక గడి ఉండాలి. అది తరచుగా ఉండదు.

శాశ్వతమని గట్టిగా చెప్పిన మాటలు శాస్త్రంలో కూడ ఎక్కువకాలం నిలవలేదు. ఖండాలూ సముద్రాలూ సృష్ట్యాది నుంచి ఉన్నచోటనే ఉన్నవని పందొమ్మిదో శతాబ్దిలో డానా వంటి పెద్దలు బోధించారు. ఖండాలు కదిలాయని 1912లో వేగెనర్ అంటే నవ్వినవారే ఎక్కువ; 1960లలో సముద్రగర్భపు ఆధారాలు దొరికాక నవ్వు ఆగింది. చీలిపోయిన ఆ ప్రాచీన మహాఖండానికి సూస్ పండితుడు పెట్టిన పేరు గోండ్వానా. అది గోండుల దేశం పేరు, అంటే ఈ ఛత్తీస్‌గఢ్ పొరుగు అడవుల పేరు. ఇటుపక్క మనం నిలవదని అనుకున్నవేమో నిలుస్తున్నాయి. కూరగాయలు తెచ్చి పారవేసే పాలిథీను సంచి, అంటని పెనాలకోసం తయారుచేసిన ఫ్లోరిన్ రసాయనాలు మట్టిలో, నీటిలో, మన రక్తంలో తరగకుండా ఉన్నాయి. అణువ్యర్థాలను లక్ష సంవత్సరాలు భద్రపరచడానికి ఫిన్లాండులో రాతి అడుగున సొరంగాలు తవ్వారు. ఏ చక్రవర్తీ తన కీర్తికోసం అంత గడువు అడగలేదు. మొదటి అర్థపు నిత్యత్వం, ఎవరి శ్రమా లేకుండా తనంతట తాను నిలిచేది, మన చేతులమీదుగా నిజంగా సిద్ధించింది చెత్తలోనే.

ఇక్కడ ఒక ఆక్షేపణకు సమాధానం చెప్పవలసి ఉన్నది. రోజూ చేసేదే నిత్యమైతే, రోజూ చేసే అన్యాయం కూడ నిత్యమే కదా? నిజం. జమీందారీ నిలిచింది కేవలం 1802 కాగితం బలంతో కాదు. ప్రతి పంటకూ కచేరీ ముందు చేతులు కట్టుకొని నిలబడిన రైతూ, లెక్కపుస్తకం తిరగేసిన గుమాస్తా కలిసి దానిని ఏటేటా మళ్లీ నిర్మించారు. ఊరిబావి దగ్గర కొందరిని దూరంగా నిలబెట్టిన ఆచారం సనాతనమని చెప్పుకున్నది. కాని దానికి ప్రాణం పోసింది ప్రతి ఉదయమూ ఆ బావి దగ్గర జరిగిన తోపులాటే. కనుక నిత్యకృత్యానికి తనంతట తానుగా పుణ్యం రాదు. అయితే ఒక తేడా ఉన్నది. కొండవంటి శాశ్వతాన్ని చూసి మనిషి నమస్కరించడమో, తల బాదుకోవడమో తప్ప మరొకటి చేయలేడు. రోజూ చేసేదాన్ని ఒకరోజు చేయక మానవచ్చు. సనాతనమన్న పేరు ఆ మానే అవకాశాన్ని కప్పిపుచ్చుతుంది. అందుకే అన్యాయం ఆ పేరును అంతగా కోరుకుంటుంది. బౌద్ధులు క్షణభంగవాదంతో ఈ ముసుగునే తొలగించబూనారు. దీపశిఖ ఒకటే అనుకుంటున్నాం, క్షణక్షణమూ కొత్త చమురుతో కొత్త శిఖ పుడుతున్నదని వారు చెప్పినప్పుడు వైదికులకు కోపం వచ్చింది గాని, ఆ చమురు ఎవరు పోస్తున్నారన్న ప్రశ్న ఇరువురికీ సమానమే.

అనువాదకుడికి ఈ ప్రశ్న తన పనిలోనే ఉన్నది. మూలం నిలుస్తుంది, అనువాదం పాతబడుతుంది అని లోకంలో ఒక మాట ఉన్నది. సూరదాసు పదాలు వ్రజభాషలో అట్లాగే ఉంటాయి. వాటికి ఈ తరం చేసిన తెలుగు రాబోయే తరానికి చాలదు. దీనిని అనువాదానికి లోపంగా చెప్పుకుంటారు. కాని మూలం మాత్రం ఎవరూ ముట్టకుండా నిలిచిందా? ప్రతులు రాసుకున్నవారు, మందిరంలో వేళవేళకూ పాడినవారు, అర్థం చెప్పినవారు లేకుండా సూరదాసు మనదాకా వచ్చేవాడా? వారు కీమాన్‌లు. అనువాదకుడూ ఆ వరుసలోవాడే. కాకపోతే అతడు మార్చిన స్లీపరు కొత్తదిగా కనపడుతుంది, అంతే.

పండితుడు మాటలు తయారుచేయడని పతంజలి చమత్కరించాడు. కుండ కావలసినవాడు కుమ్మరి ఇంటికి పోయి చేయించుకుంటాడు గాని, మాటలు కావలసినవాడు వైయాకరణుడి ఇంటికి పోయి, నాకు మాటలు చేసిపెట్టమని అడగడు. అవి లోకంలో ఉన్నవే. శబ్దనిత్యత్వానికి ఆయన చూపిన లోకసాక్ష్యం ఇది. బాగున్నది. కాని లోకంలో ఉన్నవంటే ఎవరి నోట ఉన్నవి? వల్లభాచార్యుల సంతతివారు ఉత్తరాదిలో ఈనాటికీ తైలంగులని పేరు పొందినవారు. ఐదువందల ఏండ్లలో సంస్కృతమూ, వ్రజభాషా, గుజరాతీ ఆ సంప్రదాయంవల్ల సంపన్నమైనాయి. ఇల్లమ్మగారు ఆ అడవిలో బిడ్డను చూసి ఏ భాషలో ఏడ్చిందో, ఏ భాషలో ముద్దాడిందో, ఆ భాష మాత్రం పేరుగా మిగిలింది. దానిని ఎవరూ నిషేధించలేదు. ఇంట్లో మాట్లాడడం ఒకనాడు తగ్గి, మరొకనాడు ఆగి ఉంటుంది. ఏ రోజు ఆగిందో ఆ ఇంటివారికే తెలిసి ఉండదు.

రాయపూరు ప్రాంతపు రైల్వే కాలనీలలోనూ, వ్యాపారపు వీధులలోనూ తెలుగు ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి. మొదటి తరం ఇంటా బయటా తెలుగే మాట్లాడింది. రెండవ తరం ఇంట్లో తెలుగు, బయట హిందీ, అంగడిలో ఛత్తీస్‌గఢీ. మూడవ తరానికి తెలుగు అర్థమవుతుంది, నోట పలకదు. వరుసలు మాత్రం చివరిదాకా నిలుస్తాయి. ఎంత హిందీ మాట్లాడే పిల్లవాడైనా అమ్మమ్మను నానీ అనడు. బడినుంచి వచ్చి సంచీ పడవేసి, "అమ్మమ్మా, పానీ దో" అంటాడు. ఆమె లోపలినుంచి, "నీళ్లా? నీళ్లు కావాలా నాయనా?" అంటూ గ్లాసు తెచ్చి చేతికిస్తుంది. వాడు తాగి ఆటకు పోతాడు. మరునాడు వాడు మళ్లీ పానీ అంటాడు, ఆమె మళ్లీ నీళ్లంటుంది.